పెరటిలో ఆపిలు పెంపకము

నర్సరీలలో ఇప్పుడు ఆపిలు అంట్లు దొరకుచున్నవి. ‘తెగులు పట్టని రకము’ అను మాట నమ్మి కొన్న మొక్క వానాకాలములో చనిపోవుటకు కారణమేమి? ఉప్పల్, నాచారము ప్రాంతములలో ఇంటి వెనుక కొద్దిపాటి నేల ఉన్నవారు మొక్క కొనుటకు ముందే ఈ సంగతి తెలిసికొనుట మంచిది.

రకములు: సాధారణపు ఆపిలు రకములకు చలికాలములో 7 డిగ్రీల సెంటిగ్రేడుకు లోబడిన చలి సుమారు 1,000 గంటలు కావలెను. హైదరాబాదులో అంత చలి లేదు. కావున ఆ రకములు ఇక్కడ ఆకులు వేయునేగాని సరిగా కాయవు. తక్కువ చలితో కాచు రకములలో ముఖ్యమైనవి ఇజ్రాయెలు దేశపు ‘అన్నా’, బహామా దీవుల ‘డార్సెట్ గోల్డెన్’, హిమాచల్ ప్రదేశ్ బిలాస్‌పూర్ జిల్లా రైతు శ్రీ హరిమన్ శర్మ రూపొందించిన ‘హెచ్.ఆర్.ఎం.ఎన్.-99’. ఈ చివరి రకము ఒంటరిగా నాటినను కాయును. ‘అన్నా’ నాటువారు ప్రక్కన ‘డార్సెట్ గోల్డెన్’ కూడ నాటవలెను.

నాచారమునకు దగ్గరనే, ఉప్పల్ రోడ్డుమీద ఉన్న సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞుల సహాయముతో ఆసిఫాబాద్ జిల్లా ధనోరా గ్రామములో ఒక రైతు ఆపిలు తోట వేసి, 2020లో తొలి కాపు తీసెను. అయితే అచ్చటి చలికాలపు రాత్రులు మన రాత్రులకంటె చల్లనివి. అచ్చటి దిగుబడిని మీ పెరటిలో ఆశింపరాదు.

తెగుళ్ళు: ఆపిలునకు పేరుపడిన తెగులు స్కాబు, అనగా మచ్చ తెగులు. 1973లో ఇది కాశ్మీరు తోటలను మిక్కిలి నష్టపరచినది. చల్లని, తడి వాతావరణములో ఇది వ్యాపించును. హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 దీనిని తట్టుకొనునని పేరు. కాని మన ప్రాంతములో అసలు శత్రువు ఇది కాదు. వానాకాలములో మొదట నీరు నిలిచి, వేరు, మొదలు కుళ్ళుటయే ఇక్కడి ప్రమాదము. ఒక తెగులును తట్టుకొను రకము అన్నింటిని తట్టుకొనునని తలచరాదు.

నేల పరీక్ష: రెండడుగుల గుంత త్రవ్వి నీటితో నింపుడు. మరునాటి ఉదయమునకు నీరు ఇంకినచో ఆ చోటు పనికివచ్చును. ఇంకనిచో అడుగున్నర ఎత్తు మట్టికట్ట పోసి దానిపై నాటవలెను.

నాటుట: డిసెంబరు, జనవరి నెలలు అనువైనవి. గుంత మట్టిలో రెండు తట్టల బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక కిలో వేపపిండి కలుపవలెను. అంటు కట్టిన ముడి నేలకు ఆరంగుళములు పైన ఉండవలెను. పండు తిని పారవేసిన గింజను నాటవలదు. తల్లి గుణములు రావు.

పోషణ: వేసవిలో పడమటి ఎండ తగులకుండ నీడ కట్టి, పాదులో ఎండుటాకులు పరచవలెను. అవి మొదలును తాకరాదు. వానలకు ముందు 100 గ్రాముల మైలుతుత్తము, 100 గ్రాముల సున్నము లీటరు నీటిలో కలిపి మొదలుకు పూయుడు. కొమ్మలపై తెల్లని దూదివంటి పేను కనిపించినచో బ్రష్షుతో తుడిచి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెము సబ్బు కలిపి చల్లుడు.

కాపు: మొదటి రెండేండ్లు పూతను త్రుంచివేయుడు. పిదప ఏటేట డిసెంబరులో నీరు తగ్గించి, మిగిలిన ఆకులను చేతితో దూసివేసినచో పూత బాగుగ వచ్చును. గుత్తికి ఒకటి రెండు పిందెలను మాత్రమే ఉంచవలెను. కాయలు వేసవి చివరకు పక్వమగును.

ఈ సంవత్సరము ఒక మొక్కతోనే ప్రారంభింపుడు. అది రెండు వానాకాలములు నిలిచిన పిమ్మట రెండవదానిని కొనవచ్చును.