సత్యాగ్రహ యాత్రలో పిల్లలు: దక్షిణాఫ్రికా, 1913

పరిచయం

1913 నవంబరు 6న నేటాల్ నుంచి ట్రాన్స్‌వాల్ సరిహద్దు దాటిన సత్యాగ్రహ యాత్రలో 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు ఉన్నారు. గాంధీ నాయకత్వం గురించి మీరు ఇదివరకే చదివారు. ఈ భాగంలో ఆ 57 మంది పిల్లలు యాత్రలోకి ఎందుకు రావలసి వచ్చిందో పరిశీలిద్దాం.

పిల్లలపై పన్ను

1860 నుంచి నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన ఒప్పంద కూలీలలో తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల తెలుగువారూ ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం ముగిశాక అక్కడే స్వేచ్ఛగా బతకదలచిన భారతీయులపై 1895 నాటి చట్టం ఏటా 3 పౌన్ల పన్ను వేసింది. తరువాత 16 ఏళ్లు నిండిన మగపిల్లలకు, 13 ఏళ్లు నిండిన ఆడపిల్లలకు కూడా దానిని వర్తింపజేశారు.

లెక్క వేసి చూడండి. తల్లి, తండ్రి, ఆ వయసు పిల్లలు ఇద్దరు ఉంటే ఏడాదికి 12 పౌన్లు, అంటే 240 షిల్లింగులు. కూలీ సగటు సంపాదన నెలకు 14 షిల్లింగులు మించదని గాంధీ రాశారు. అంటే ఏడాదికి 168 షిల్లింగులే. పన్ను కట్టలేని కుటుంబానికి రెండే దారులు: మళ్లీ ఒప్పందంలో చేరడం, లేదా దేశం వదిలిపోవడం. ఈ చట్టం ఉద్దేశం కూడా అదే.

యాత్రలో

1913 అక్టోబరులో న్యూకాజిల్ బొగ్గుగనుల కార్మికులు సమ్మెకు దిగారు. వారి ఇళ్లు గని యజమానులవి. పని మానినవారు ఇల్లు కూడా వదలవలసి వచ్చింది. అందువల్ల పిల్లలను దిగవిడిచి రావడానికి చోటు లేదు. అనుమతి లేకుండా భారతీయులు ట్రాన్స్‌వాల్‌లో ప్రవేశించడం నేరం. ఆ నేరాన్ని బహిరంగంగా, చేతిలో ఆయుధం లేకుండా చేయడమే ఈ యాత్ర. రోజుకు మనిషికి ఒకటిన్నర పౌండ్ల రొట్టె, కాస్త చక్కెర ఇచ్చేవారు. దారిలో ఇద్దరు పసిబిడ్డలు చనిపోయారు. ఒక బిడ్డ ఏరు దాటుతుండగా తల్లి చేతుల్లోంచి జారి నీటిలో పడింది. అయినా తల్లులు నడక ఆపలేదు. నవంబరు 10న బాల్ఫర్ వద్ద అందరినీ అరెస్టు చేసి రైళ్లలో నేటాల్‌కు తిప్పి పంపారు.

1914 భారతీయుల ఉపశమన చట్టం ఈ పన్నును రద్దు చేసింది. కాని జాతి వివక్ష పోలేదు. 1948 తరువాత అది అపార్థైడ్ పేరుతో మరింత గట్టిపడింది.

మన ప్రాంతంతో పోల్చి చూస్తే

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల విద్యార్థులు పెద్దల నోట వెట్టి, జీతగాడు అనే మాటలు వినే ఉంటారు. తండ్రి అప్పుకు కొడుకు దొర ఇంట పనికి కుదరడం మన పల్లెలు ఎరిగినదే. నేటాల్‌లో కాగితంపై ఒప్పందం ఉంది, ఇక్కడ కులం, ఆచారం ఉన్నాయి. ఈ తేడా ముఖ్యమైనదే. అయితే రెండు చోట్లా భారం పిల్లలదాకా వచ్చింది.

శాంతియుత పోరాటం అంటే బాధ లేని పోరాటం అని అనుకోకండి. పిల్లలను యాత్రలో నడిపించడం న్యాయమా అన్న ప్రశ్న తప్పక వేయాలి. దానితోపాటు, వారిని ఇంట్లో ఉండనివ్వని చట్టం గురించి కూడా అడగాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 3 పౌన్ల పన్ను కుటుంబంపై ఎలా పనిచేసింది?
2. యాత్రలో పిల్లలు ఉండటానికి కారణమేమిటి?
3. మీ ఊరి పెద్దలను అడిగి, వెట్టి కాలంలో పిల్లలు చేసిన పనులను ఒక పేజీలో రాయండి.