ములాంజే కొండ క్రింద మా కాపురం

ఆఫ్రికా అనగానే మనవాళ్ళందరికీ ముందుగా జ్ఞాపకం వచ్చేది ఎండ. మాకూ అంతే. ఒంగోలులో పుట్టి, రోహిణీ కార్తెలో పెళ్ళి చేసుకున్నవాళ్ళం, మాకు ఎండ ఒక లెక్కా అనుకుని, పెట్టెల నిండా నూలు చీరలూ పల్చటి చొక్కాలూ సర్దుకుని బయలుదేరాము. బొంబాయిలో విమానమెక్కి, అడిస్ అబాబాలో మారి, 2022 జూలైలో మలావీ దేశంలోని బ్లాంటైర్‌లో దిగాము. దిగిన మూడోనాటికి నేనూ మా ఆవిడా ఒకే దుప్పటి కప్పుకుని గజగజ వణుకుతూ కూర్చున్నాము.

"ఏమండీ, ఇది ఆఫ్రికాయేనంటారా?" అంది మా ఆవిడ.

"టిక్కెట్టు మీద అట్లాగే వుంది మరి" అన్నాను.

ఆ దేశం భూమధ్యరేఖకు దక్షిణాన వుంది గనుక జూలై అక్కడ చలికాలం. పైగా మేము కాపురం పెట్టింది ములాంజే కొండ పాదాన. మూడువేల మీటర్ల ఎత్తు కొండ. చుట్టూ తేయాకు తోటలు. చలికాలంలో ఆగ్నేయ దిక్కునుండి మంచూ తుంపరా కలిసిన మబ్బు వచ్చి కూర్చుంటే రోజుల తరబడి కదలదు. దానిని చిపెరోని అంటారు. ఆ మాటే మేము నేర్చుకున్న మొదటి మాట.

ఈ వయసులో ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి గదా! నేను ముప్ఫయి నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేశాను. మా ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సు. పిల్లలిద్దరూ స్థిరపడ్డారు. స్వంత ఖర్చుతో రెండేళ్ళు వచ్చి పనిచేయగల పెద్దవాళ్ళు కావాలని ఒక మిషను వారు అడిగితే, ఇద్దరం ఒకేసారి సరే అన్నాము. మా అబ్బాయి మాత్రం, "నాన్నగారూ, మీకు అరవై ఆరు, అమ్మకు అరవై రెండు. రక్తపోటు బిళ్ళలు రెండేళ్ళకు సరిపడా ఎట్లా పట్టుకువెడతారు?" అని అడిగాడు. అమ్మాయి ఏమీ అడగలేదు, ఫోనులో ఏడ్చింది. అబ్బాయికి జవాబు చెప్పగలిగాము. అమ్మాయికి చెప్పలేకపోయాము.

ఒంగోలు వాళ్ళకు మిషనరీ అనే మాట కొత్తది కాదు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున జూయెట్ దొరగారూ, దొరసానిగారూ మరి కొద్దిమందితో మా ఊరి కొండెక్కి ప్రార్థన చేశారని, ఆ కొండకు అందుకే ప్రార్థన కొండ అని పేరు వచ్చిందని చిన్నప్పుడే విన్నాము. ఆ తరువాత వచ్చిన క్లౌ దొరగారు 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వే పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ యేటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. తెలుగు సంఘాలవారే చందాలు వేసుకుని 1903లో జాన్ రంగయ్యగారినీ, కనకమ్మగారినీ దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు, అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల కోసం పంపించారు. ఇచ్చేవాళ్ళు ఒకరు, పుచ్చుకునేవాళ్ళు ఒకరు అని ఎక్కడా రాసిపెట్టి లేదు. మన వంతు మనం చేసివద్దాం అనుకున్నాము. ఆ "చేసివద్దాం" అన్న మాటలోనే తిరకాసు వుందని తరువాత తెలిసింది.

మొదటి మూడు నెలలూ మేము చేసినవన్నీ తప్పులే. రోజూ సాయంత్రం ఎవరో ఒకరు మా వాకిట్లో నిలబడి "ఓదీ! ఓదీ!" అని కేక వేసేవారు. ఏ కూరగాయలమ్మేవాళ్ళో కాబోలు, మనకు అక్కరలేదు గదా అని మేము పలికేవాళ్ళం కాదు. కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు. నెల తిరిగేసరికి ఆ కేకలు కూడా ఆగిపోయాయి. పక్కింటి ముసలమ్మగారి మనుమడు ఇంగ్లీషు చదువుకున్నవాడు, అతడు చెప్పాడు. ఓదీ అంటే "లోపలికి రావచ్చునా" అని అడగటమట! "ఓదీనీ" అని మనం పలికితేనే గడప తొక్కుతారట. కొత్తగా వచ్చిన పెద్దవాళ్ళను పలకరించిపోదామని ఊరు ఊరంతా వచ్చింది. మేము తలుపు వేసుకుని కూర్చున్నాము!

ఆ భాష పేరు చిచేవా. అందులో మన నువ్వూ మీరూ మాదిరే రెండు తీరులు వున్నాయి. తోటివాణ్ణి "ఊలి బ్వాంజి" అనీ, పెద్దలను "మూలి బ్వాంజి" అనీ అడగాలి. రెండింటికీ అర్థం ఎట్లా వున్నావు, ఎట్లా వున్నారు అని. నేను బడిపిల్లల నోట విని నేర్చుకున్నవాణ్ణి గనుక ఊరిపెద్దగారి ఎదుట నిలబడి, "ఏమోయ్, ఎట్లా వున్నావ్?" అనే అర్థం వచ్చే మాట గట్టిగా అన్నాను. ఆయన డెబ్బయి యేళ్ళవాడు. ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, నవ్వి, చేయి కలిపాడు. జూయెట్ దొరసానిగారు మన గుమ్మాల్లో నిలబడి మన నాయనమ్మల నాయనమ్మలను ఎన్నిసార్లు "ఏమే" అని వుంటుందో, వాళ్ళు ఎన్నిసార్లు నవ్వి వూరుకుని వుంటారో అని ఆ రాత్రి తోచింది.

బడిలోనూ అంతే. తరగతికి డెబ్బయి మంది. నేను గబగబా వెళ్ళి నల్లబల్ల మీద లెక్క వేసేవాణ్ణి. అర్థమయిందా అంటే అందరూ అయిందనేవారు. పరీక్ష పెడితే పదిమంది కూడా గట్టెక్కలేదు. మా ఆవిడ పరిస్థితి ఇంకా కష్టం. ఆ దేశపు నర్సుల మండలిలో పేరు నమోదు కానిదే రోగి మీద చేయి వేయకూడదు. అది న్యాయమే, మన దేశంలో మనమూ ఒప్పుకోము. కాని ముప్ఫయి యేళ్ళు వార్డులో తిరిగిన మనిషి కాగితం కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం చూడలేకపోయాను. ఆ యేడాది జనవరిలో వచ్చిన తుఫానుకు కపిచిరా జలవిద్యుత్కేంద్రం దెబ్బతిన్నది గనుక కరెంటు వుండీ లేనట్టే. మనుమడు తప్పటడుగులు వేస్తున్నాడని కోడలు ఫోనులో చూపిస్తూ వుండగా, వాడు రెండో అడుగు వేయబోతూ వుండగా బొమ్మ ఆగిపోయింది.

అక్టోబరులో ఒకనాడు నేను మా ఆవిడకు చెప్పకుండా తిరుగు టిక్కెట్టు ధర చూశాను. ఆమాట ఎట్లా ఎత్తాలా అని తటపటాయిస్తూ, మంచం క్రింద వున్న రెండో పెట్టె చూసి, "దీన్ని ఇంతవరకూ విప్పలేదేం?" అన్నాను.

"మీరు ఎప్పుడు వెళ్ళిపోదామంటారో అని" అంది.

ఆ వారంలోనే ఒంగోలునుండి ఫోను వచ్చింది. అప్పుడు అక్కడ తెల్లవారుజామున మూడు గంటలు; మన ఊళ్ళో ఆరున్నర. మా పెద్దక్కయ్య పోయింది. మా అమ్మ పోయిననాడు నాకు ఏడేళ్ళు. అన్నం కలిపి నోట్లో పెట్టి పెంచింది అక్కయ్యే. మర్నాడే సమాధి చేస్తారు. మేము చేరడానికి రెండు రోజులు పడుతుంది. నేను వరండాలో కుర్చీలో కూర్చున్నాను. ఏడుపు రాలేదు. మా ఆవిడ పక్కింటి ముసలమ్మగారికి సైగలతో చెప్పివచ్చింది.

ఇంకా వెలుగు రాలేదు, వాకిట్లో "ఓదీ" అని వినిపించింది. "ఓదీనీ" అన్నాను. ఆడవాళ్ళు ఒకరి వెనుక ఒకరుగా వచ్చారు. కొందరి తలమీద కట్టెల మోపులు, కొందరి తలమీద మొక్కజొన్నపిండి గిన్నెలు. ఎవరూ ఏమీ అడగలేదు. లోపలికి వెళ్ళి మా ఆవిడ చుట్టూ నేలమీద కాళ్ళు చాపుకు కూర్చుని మెల్లగా పాట అందుకున్నారు. మగవాళ్ళు వాకిట్లో నెగడు వేశారు. ప్రధానోపాధ్యాయుడు బడికి ఆ రోజు సెలవిచ్చి వచ్చాడు. ఇంతమందికి ఏం పెట్టాలి అని కంగారుపడ్డాను. ఏం పెట్టనక్కరలేదు, వాళ్ళు తెచ్చిన పిండితో వాళ్ళే న్సీమా వండారు. అచ్చం మన సంకటి వంటిదే. చేతులకు నీళ్ళు పోసి మాచేత తినిపించారు. ఒంగోలు ముఖం యెరుగని మనుషులు మా అక్కయ్య కోసం రాత్రంతా మేలుకుని కూర్చున్నారు. అర్ధరాత్రివేళ ఊరిపెద్దగారు నా ప్రక్కకు వచ్చి ఒక సామెత చెప్పారు. మనుమడు తర్జుమా చేశాడు: "ఒక్క తల ఇంటికప్పును మోయలేదు." అప్పుడు ఏడ్చాను.

మూడోనాడు మా ఆవిడ రెండో పెట్టె విప్పి దుప్పట్లు బయటికి తీసింది. టిక్కెట్టు మాట నేను మళ్ళీ ఎత్తలేదు.

ఆనాటినుండి చేసిందల్లా ఏమిటంటే, నేర్పడం కాస్త తగ్గించి కలిసిపోవడం మొదలుపెట్టాము. తరగతిలో ముందుగా "మ్వాజుకా బ్వాంజి" అంటే "ఎట్లా నిద్ర లేచారు" అని అడిగి, "మేము బాగానే లేచాము, మరి మీ సంగతేమో" అని వాళ్ళు అన్న తరువాతే సుద్దముక్క పట్టేవాణ్ణి. నెలలోపల వెనుక బల్లలవాళ్ళు కూడా "సార్, ఇది తెలియలేదు" అనసాగారు. ఊళ్ళో ఎవరు పోయినా మా ఆవిడ పిండిగిన్నె నెత్తిన పెట్టుకుని వెళ్ళేది. వర్షాలు పడ్డాక చేలల్లో ఏపుగా ఎదిగిన కంది మొక్కలు చూసి పుట్టింటివాళ్ళను చూసినంత సంబరపడింది. మనం కొనే కందిపప్పులో ఆ దేశపు కందులు కూడా వుంటాయని అప్పుడే తెలిసింది. ముద్దపప్పు వండి ఇరుగుపొరుగులకు పంచితే వాళ్ళు మర్యాదగా తిన్నారు. బాగుందని మాత్రం ఎవరూ అనలేదు.

2023 ఆరంభంలో దేశమంతటా కలరా ముమ్మరించింది. ఆ జాడ్యం అణగేలోపల 1,700 మందికి పైగా పోయారు. మార్చి నెలలో ఫ్రెడ్డీ తుఫాను వచ్చింది. కొండచరియలు విరిగి బురద ఊళ్ళమీద పడ్డది. దేశం మొత్తంమీద వెయ్యిమందికి పైగా చనిపోవడమో ఆచూకీ లేకుండా పోవడమో జరిగింది. 1977లో దివిసీమ ఉప్పెన తరువాత అక్కడ సహాయానికి వెళ్ళినవాణ్ణి. ఆ వాసన మళ్ళీ ముక్కుకు తగిలింది. మా బడే శిబిరమయింది. మా ఆవిడకు కాగితం ఇంకా రాలేదు. అయినా చేతులు కడుక్కోమని చెప్పడానికి కాగితం అక్కరలేదు గదా! కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, అదీ తలగొట్టిన చెంచా కొలత, కలిపి కొద్దికొద్దిగా త్రాగించడం తల్లులకు నేర్పింది. అక్టోబరు రాత్రి తన చుట్టూ కూర్చున్న ఆ ఆడవాళ్ళే ఆమె మాట గది గదికీ మోశారు. జూలైలోనే ఇదంతా వచ్చి వుంటే ఆమె మాట ఎవరు వినేవారు?

వర్షాలు వెనుకపట్టాక ఇళ్ళు కట్టడం మొదలైంది. పక్కింటి ముసలమ్మగారి ఇంటికప్పు నేలమీదే అల్లి, పన్నెండుమంది మగవాళ్ళు క్రింద దూరి నెత్తిమీద ఎత్తి గోడలమీద పెట్టారు. నేనూ తల దూర్చబోయాను. "తాతగారూ, మీరు జరగండి" అన్నారు కుర్రవాళ్ళు. ఊరిపెద్దగారు మాత్రం "వుండనివ్వండి" అన్నారు. నా నెత్తి మోసిన బరువు ఎంతో నాకు తెలియదు, ఎక్కువేం వుండదు. కాని మెడ రెండు రోజులు పట్టేసింది.

2024 జూలైలో తిరిగివచ్చాము. మనుమడు పరుగెత్తుతున్నాడు. అక్కయ్య సమాధి దగ్గర కాసేపు కూర్చున్నాము. "ఇంతకీ రెండేళ్ళు అక్కడ ఏం చేసివచ్చారు?" అని చుట్టాలు అడుగుతూ వుంటారు. కొందరు పిల్లలకు లెక్కలు వచ్చాయి, కొన్ని ఇళ్ళల్లో తల్లులకు ఉప్పూ పంచదారా కొలత వచ్చింది అని చెబుతాను. మా ఆవిడ మాత్రం అంత దూరం పోదు. "మంచి ఇరుగుపొరుగు దొరికారు, వాళ్ళ మధ్య కాపురం చేసివచ్చాము" అంటుంది.

ఇప్పటికీ సాయంత్రంపూట వాకిట్లో అలికిడి అయితే, ఎవరో యేమిటో చూడకుండానే లోపలినుండి ఆమె పలుకుతుంది: "ఓదీనీ!"