తోటలో మందు కొట్టే పనికి వెళ్తున్నారా? ముందు డబ్బాకు ఫొటో తీసుకోండి

మామిడి పూతకొచ్చిందంటే తేనెమంచు పురుగుకు, బూడిద తెగులుకు మందు కొట్టే పనులు మొదలవుతాయి. నూజివీడులోనైనా, చిత్తూరులోనైనా, జగిత్యాలలోనైనా ఇదే తీరు. మందు కొనేది తోట యజమాని లేదా కౌలుదారు. కొట్టేది కూలీలు. సాయంత్రానికి తల తిరిగినా, వాంతులైనా ఎండదెబ్బేమో, నీరసమేమో అని సర్దిచెప్పుకుంటారు. తీరా ఆస్పత్రికి వెళ్తే డాక్టర్ అడిగే ప్రశ్న ఒకటే: ఏ మందు కొట్టారు? డబ్బా చూడని కూలీ దగ్గర దానికి జవాబు ఉండదు.

పండ్ల తోటల్లో ముప్పు ఎందుకు ఎక్కువ?

వరి చేలో మందు కిందికి కొడతాం. మామిడి చెట్టుకు గన్ పైకెత్తి కొట్టాలి. ఆకుల మీంచి జారే చుక్కలు, గాలికి తిరిగొచ్చే తుంపర ముఖం, మెడ, చేతుల మీద పడతాయి. నోట్లోకి పోతేనే ప్రమాదం అనుకోవద్దు. పిచికారీ పనిలో మందు ఎక్కువగా చర్మం గుండానే ఒంట్లోకి చేరుతుంది. నీళ్లు కలపని చిక్కటి మందును కొలిచి డ్రమ్ములో పోసేటప్పుడు ముప్పు మరీ ఎక్కువ. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు మందుతో తడిస్తే, ఆ మందును ముఖానికి అంటిపెట్టి ఉంచుతుంది.

పైపు లాగేవారికి, మర్నాడు అదే తోటలో కలుపు తీసేవారికి కూడా ఈ ముప్పు ఉంటుంది. కోతకు ముందు ఇన్ని రోజులు ఆగాలని డబ్బాతో వచ్చే కాగితంలో ఉండే గడువు పండు తినేవారి కోసం పెట్టింది. కూలీల కోసం కాదు. కనీసం ఆకులు పూర్తిగా ఆరేదాకా తోటలోకి వెళ్లకండి.

డబ్బా మీది రంగులు ఏం చెబుతాయి?

ప్రతి డబ్బా మీద మూలమీద నిలబెట్టిన చతురస్రం గుర్తు ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి.

• ఎరుపు: అత్యంత విషపూరితం. పుర్రె గుర్తు కూడా ఉంటుంది.
• పసుపు: తీవ్ర విషపూరితం.
• నీలం: ఓ మోస్తరు విషపూరితం.
• ఆకుపచ్చ: తక్కువ విషపూరితం. అసలు హాని లేదని కాదు.

డబ్బాతో పాటు వచ్చే కాగితంలో విషప్రభావ లక్షణాలు, ప్రథమ చికిత్స, విరుగుడు ఉండాలి. అది ప్రాంతీయ భాషలోనూ ఉండాలని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెబుతున్నాయి. మందు కొట్టేవారికి తగిన రక్షణ దుస్తులు ఉండాలన్నదీ వాటిలోనే ఉంది. గ్లౌజులు, కళ్లద్దాలు, మాస్కు అడగడానికి మొహమాటపడకండి.

మందు పేరు ఎందుకంత ముఖ్యం?

ఆర్గానోఫాస్ఫేట్ రకం మందులు నరాల పనితీరును దెబ్బతీస్తాయి. చొంగ కారడం, విపరీతమైన చెమట, చూపు మసకబారడం, కండరాలు అదరడం, ఊపిరి ఆడకపోవడం వీటి లక్షణాలు. వీటికి అట్రోపిన్ ఇస్తారు. మామిడిలో వాడే ఇమిడాక్లోప్రిడ్‌ లాంటి వాటికి ప్రత్యేకమైన విరుగుడు లేదు. లక్షణాలను బట్టి వైద్యం చేస్తారు. పేరు తెలిస్తే డాక్టర్‌కు సమయం కలిసొస్తుంది.

ఒంట్లో తేడాగా ఉంటే ఏం చేయాలి?

1. వెంటనే పని ఆపి, తోట బయటికి రండి.
2. తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లంతా కడగండి. కంట్లో పడితే 15 నిమిషాల పాటు మంచినీళ్లతో కడగండి.
3. బలవంతంగా వాంతి చేయించొద్దు. స్పృహ లేనివారికి నోట్లో ఏమీ పోయొద్దు.
4. 108కి ఫోన్ చేయండి. డబ్బాను, కాగితాన్ని లేదా వాటి ఫొటోను వెంట తీసుకెళ్లండి.

చీటీలో ఏం రాశారో చూడండి

మందు కొడుతుండగా ఇలా అయిందని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి. మందు పేరుతో సహా రాయమని అడగండి. ఆర్గానోఫాస్ఫరస్ విషప్రభావాన్ని పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో చట్టం చేర్చింది. చీటీలో 'కళ్లు తిరగడం' అని మాత్రమే ఉంటే, రేపు పరిహారం అడిగేటప్పుడు చూపించడానికి మీ చేతిలో ఆధారం ఉండదు.

అందుకే పొద్దున్నే డ్రమ్ములో మందు పోయకముందే డబ్బాను ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఇంట్లోవారికీ పంపండి. ఒకవేళ మీరు మాట్లాడలేని స్థితిలో ఉంటే, డాక్టర్‌కు వాళ్లు చూపిస్తారు.