బ్యాంకు అధికారి పదవి: రెండు ద్వారములు

పట్టభద్రులు కాగానే మన విద్యార్థులలో అనేకుల దృష్టి బ్యాంకు ఉద్యోగముపై నిలుచుచున్నది. అయితే 'బ్యాంకు ఆఫీసరు' అను ఒక్క పేరు క్రింద రెండు వేర్వేరు మార్గములు కలవని గుర్తించువారు తక్కువ. ఆ రెంటి తారతమ్యమును మేమిచ్చట వివరింపదలచితిమి.

1969లో 14 బ్యాంకులు, 1980లో మరి 6 బ్యాంకులు జాతీయము చేయబడినవి. అటుపై జరిగిన విలీనముల వలన నేడు ప్రభుత్వ రంగమున 12 బ్యాంకులే ఉన్నవి. మనకు చిరపరిచితమైన స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో భారతీయ స్టేట్ బ్యాంకునందును, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకునందును కలిసిపోయినవి. ఈ పన్నెండింటిలో స్టేట్ బ్యాంకు తన అధికారులను తానే ఎన్నుకొనును. తక్కిన 11 బ్యాంకులకు ఐ.బి.పి.ఎస్. సంస్థ ఉమ్మడి పరీక్ష జరుపును.

రెంటికిని ఏ శాఖలోనైనను పట్టము చాలును. ప్రాథమిక పరీక్ష, ప్రధాన పరీక్ష, ఇంటర్వ్యూ అను మూడు మెట్లు రెంటను కలవు. కనుక ఒకే సాధన రెంటికి అక్కరకు వచ్చును. అయితే సాధారణ వర్గము వారికి స్టేట్ బ్యాంకు 4 అవకాశములు మాత్రమే ఇచ్చుచున్నది. ఉమ్మడి పరీక్షకు అట్టి పరిమితి లేదు.

2024 నాటి ఒప్పందము ననుసరించి మొదటి శ్రేణి అధికారి ప్రారంభ మూలవేతనము 48,480 రూపాయలు. స్టేట్ బ్యాంకు 4 ఇంక్రిమెంట్లు ముందే కలిపి 56,480 రూపాయలతో ఆరంభించును. అందుకు ప్రతిగా మూడేండ్లు సేవచేయుదునని 2 లక్షల రూపాయలకు బాండు వ్రాయవలెను. హోదాల పేర్లను చూచి భ్రమపడరాదు. మూడవ శ్రేణి అధికారిని స్టేట్ బ్యాంకులో 'మేనేజరు' అందురు. పెక్కు ఇతర బ్యాంకులలో ఆ పేరు రెండవ శ్రేణికే చెల్లును. దేశమున ఎచ్చటికైనను బదిలీ కావలసియుండుట మాత్రము రెంటను సమానమే. ఇల్లు విడువలేనివారు రాష్ట్రములవారీగా భర్తీయగు క్లర్కు పదవిలో చేరి, పదోన్నతిపై అధికారి కావచ్చును.

మన విద్యార్థులు తప్పక ఎరుగవలసిన విషయమొకటి కలదు. రాష్ట్రమిచ్చు బి.సి.-ఇ ధ్రువపత్రము ఈ పరీక్షలలో దానంతటదే చెల్లదు. కేంద్ర ఓ.బి.సి. జాబితాలో తమ వర్గమున్నదో లేదో చూచుకొనవలెను. ఉన్నచో కేంద్ర నమూనాలో ధ్రువపత్రము పొందవలెను. లేనిచో, ఆదాయ, ఆస్తి నియమములకు లోబడినవారు ఆర్థికముగా వెనుకబడినవారి కోటాకు అర్హులు కావచ్చును. పరీక్షలో నెగ్గియు కాగితము సరిగా లేక పదవి కోల్పోవుట కంటె దుఃఖము వేరొకటి లేదు.

మైనారిటీ అభ్యర్థులకు పరీక్షా పూర్వ శిక్షణ నిచ్చు ఏర్పాటును రెండు నియామకములందును ఉండుట కద్దు. దరఖాస్తులోనే ఆ కోరిక తెలుపవలెను. ప్రకటన వెలువడిన నాడే దానిని నోటీసు బోర్డుపై ఉర్దూ, తెలుగు భాషలలో ఉంచవలసినదిగా కళాశాల కార్యవర్గమును కోరుచున్నాము. ద్వారము తెరచియున్నదని తెలిసినవారే కదా లోనికి పోగలుగుదురు!