ఆముదం గిన్నె

పారిజాతాపహరణం పాఠం చెప్పడంలో నాకు కాస్త పేరుంది. కృష్ణరాయలకూ రాణికీ వచ్చిన ఎడబాటు తీర్చడానికే నంది తిమ్మన ఆ కావ్యం రాశాడని ఒక కథ వుంది. నిజమో కాదో గాని, పిల్లలకు సరదా. అలిగిన సత్యభామ తలమీద తన్నితే, ఆమె పాదం నొచ్చిందేమోనని కృష్ణుడు బాధపడే ఘట్టం రాగానే క్లాసంతా నిశ్శబ్దం.

ఇంట్లో సంగతి వేరు. పెళ్లయి 19 ఏళ్లు. పాల లెక్క, గ్యాసు బండ, అబ్బాయి ఫీజు - అంతే మా మాటలు. వాడి పరీక్షలకని ఆవిడ పక్క ఆ గదిలోకి మారింది. పరీక్షలయ్యాయి, పక్క తిరిగి రాలేదు. తగాదా లేదుగదా, అంతా సవ్యమే అనుకున్నాను. తగాదా వున్నా బాగుండేదేమో!

మొన్న శ్రావణంలో ఒక రాత్రి వంటింట్లో పీటమీద కూర్చుని మడమ నొక్కుకుంటోంది.

"ఎన్నాళ్లనుంచి?"

"సంక్రాంతినుంచి."

సిగ్గేసింది. ఆముదం వెచ్చచేసి తెచ్చి, పాదం ఒళ్లో పెట్టుకున్నాను.

"అబ్బాయి చూస్తాడండీ!"

"చూడనీ."

నాలుగోనాడు, వాళ్లమ్మగారు పోయిననాడు నేను పేపర్లు దిద్దుతూ కూర్చున్న సంగతి ఎత్తింది. తొమ్మిదేళ్లనాటి మాట. సంజాయిషీ నాలుకమీదికి వచ్చింది, మింగేసి విన్నాను. చాలాసేపు ఏడ్చింది. పాదం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

పక్క ఇంకా ఆ గదిలోనే వుంది. దిండు నిన్న ఇటు వచ్చింది.