కీలెరిగి కట్టిన ఇల్లు

కీలెరిగి వాత పెట్టవలెనని పెద్దల మాట. ఇల్లు కట్టుటకును అది వర్తించును. వాడరేవు వంటి సముద్రతీర గ్రామములలో తాటాకు పాక వేయువారు వాసము ఎంత లావున్నదని మాత్రమే చూడరు. వాసమును దూలమునకు బిగించిన కట్టును లాగి చూతురు. పెనుగాలికి గుంజ విరుగుటకంటె ముందు ముడి వీడునని వారెరుగుదురు.

ఇప్పుడు పలుచని ఉక్కురేకును మడిచి చేసిన చట్రములతో ఇండ్లును, మేడ మీద గదులును కట్టుట వాడుకలోనికి వచ్చినది. ఇందు నిలువుగా నిలుచు ముక్కను స్టడ్డు అందురు. క్రిందను పైనను దాని కొనలను తనలో ఇముడ్చుకొను దోనె వంటి ముక్క ట్రాకు. రేకు మందము సాధారణముగా ఒకటి రెండు మిల్లీమీటర్లే. వీటిని కలుపు కోణపు బిళ్లలు, పట్టీలు, మరమేకులను గూర్చియే మేము నేడు ముచ్చటింపదలచినాము.

మన తీరమునకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 875 నిర్ణయించిన మూల వాయువేగము సెకనుకు 50 మీటర్లు. అనగా గంటకు 180 కిలోమీటర్లు. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరునకు సుమారు 150 కిలోల బరువునకు సమానము. వాలు తక్కువగా ఉన్న కప్పును గాలి క్రిందికి నొక్కదు, పైకి లాగును. పది సెంటీమీటర్ల కాంక్రీటు కప్పు చదరపు మీటరునకు 250 కిలోలు తూగును గనుక తన బరువుతోనే కూర్చుండును. రేకు కప్పు అందులో పదవ వంతు తూగుట అరుదు. కావున దానిని నేలకు పట్టియుంచునది బరువు కాదు, కీళ్ల వరుస. కప్పు నుండి స్టడ్డునకు, స్టడ్డు నుండి ట్రాకునకు, ట్రాకు నుండి పునాదికి పట్టు తెగక సాగవలెను. నడుమ ఒక్కటి వీడిన తక్కినవి ఎంత గట్టివైనను ఫలము లేదు.

మరమేకు స్వభావము నొకటి గుర్తింపవలెను. పలుచని రేకు నుండి దానిని నిలువునా పెరుకుట సులభము. అడ్డముగా కోయుట కష్టము. అందుచేతనే పట్టీని స్టడ్డు ప్రక్కకు ఆనించి బిగింతురు. అప్పుడు కప్పు పైకి లేవబోయినను మరమేకుపై బలము అడ్డముగనే పడును. బిగించిన పిమ్మట రేకు వెనుక కనీసము మూడు మరచుట్లు కనబడవలెను. ఎంత త్రిప్పినను ఊరక తిరుగు మేకు పట్టు కోల్పోయినదే. దాని ప్రక్కన వేరొకటి వేయింపవలెను.

ఉప్పుగాలి రెండవ శత్రువు. రేకునకు జింకు పూత ఉండి, మేకునకు లేనిచో మొదట తుప్పు పట్టునది మేకే. రాగి, ఇత్తడి వస్తువులు జింకు పూతను తాకుచుండిన, తేమలో ఆ పూత త్వరగా హరించిపోవును.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనను ఈ తీరము మరువలేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపముననే తీరము దాటినది. తుపాను హెచ్చరికను రేడియో ముందుగా వినిపింపగలదు. కాని ఆ వేళకు గోడలోని మేకులను ఎవరును లెక్కింపలేరు. కనుక చట్రమునకు పలకలు మూయకముందే ఇంటివారు నిలిచి, ప్రతి కీలును స్వయముగా చూచుకొనుట మేలు. ఉప్పెన వచ్చునన్నచో మాత్రము ఎంత గట్టి ఇంటినైనను విడిచి మెరకకు చేరుటయే కర్తవ్యము.