సముద్రపు ఇసుక మీదుగా సలేశ్వరం లొద్దిలోకి

మక్తల్ ప్రాంతంలో కృష్ణ ఒడ్డుకు చేరడానికి కొండ దిగే పని లేదు. తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టే నది ఇక్కడ బండల మధ్య వెడల్పుగా, పాయలు పాయలుగా పారుతుంది గనుక, పంచదేవ్‌పహాడ్ వంటి ఊళ్ల నుంచి చేల పక్కగా నడిచినవారు నేరుగా రేవుకే చేరుకుంటారు. అక్కడ పుట్టి ఎక్కి, శ్రీపాద శ్రీవల్లభుల క్షేత్రంగా పేరొందిన కురువపురం ద్వీపానికి వెళ్లడం ఈ ప్రాంతంలో పాత అలవాటు. అదే నది తూర్పుకు సాగి నల్లమలను చేరాక స్వభావం మార్చుకుంటుంది. అక్కడ అది రాతిని నిలువునా కోసుకుంటూ పోయిన తీరు ఎంతటిదో చెప్పడానికి శ్రీశైలం ఆనకట్ట కొలతలు చాలు: 145 మీటర్ల ఎత్తున కట్టిన ఆ గోడకు పొడవు 512 మీటర్లు మాత్రమే. ఇరుకైన లోయ దొరికినందువల్లనే అంత ఎత్తు కట్టడం అంత తక్కువ పొడవుతో సరిపోయింది.

సముద్రతీరం దూరమైన పాత పాలమూరు జిల్లావాసులకు, కొండదారిన నీటి ఒడ్డుకు దిగే విహారం కావాలంటే ఈ నల్లమలే దిక్కు. ఆ దారులలో ఎక్కువ పేరున్నది సలేశ్వరం దారి. నాగర్‌కర్నూల్ జిల్లాలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం నడుమ ఉన్న ఈ క్షేత్రానికి ఏటా చైత్ర పౌర్ణమి ముందువెనుకల కొద్ది రోజులు మాత్రమే జనాన్ని అనుమతిస్తారు. మన్ననూరు దాటి ఫర్హాబాద్ గేటు గుండా అడవిలోకి వెళ్లిన వాహనాలు రాంపూర్ చెంచు పెంట దగ్గర ఆగిపోతాయి; పెంట అంటే ఈ అడవి ఆదివాసులైన చెంచుల గుడిసెల గుంపు, వారి ఊరు. అక్కడి నుంచి మిగిలిన దూరం కాలినడకనే సాగాలి. పీఠభూమి మీద ఎండిన గడ్డి, మోళ్లుగా నిలిచిన చెట్ల మధ్య సాఫీగా నడిచే బాట కొంతసేపటికి లోయ అంచును చేరి, ఒక మనిషి పట్టేంత ఇరుకుగా మారి, రాతి అరల మీదుగా కిందికి దిగుతుంది. నీరు పారే ఇటువంటి లోతైన లోయను ఇక్కడివారు లొద్ది అంటారు. అడుగున ఎత్తైన రాతిగోడ మీది నుంచి జాలువారే నీరు గుండంలో పడుతుంది, పక్కనున్న గుహలో లింగమయ్య కొలువై ఉంటాడు, పూజారులు చెంచులే.

ఈ దిగుడులో యాత్రికులు తొక్కుకుంటూ పోయే రాయి గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. సముద్రం చూడటానికి బాపట్ల దాకా రైలెక్కే ఈ ప్రాంతవాసులు సలేశ్వరం దారిలో నడిచేది సముద్రపు ఇసుక మీదనే. మక్తల్ చుట్టుపక్కల కనిపించే గుండ్రటి బండలు భూగర్భంలో కరిగిన శిల చల్లారగా ఏర్పడిన గ్రానైటు జాతివి, వాటి వయస్సు దాదాపు 250 కోట్ల ఏళ్లు. నల్లమల రాయి అది కాదు. కడప నుంచి ఇటు విస్తరించిన భూభాగమంతా ఒకప్పుడు కుంగి, లోతు తక్కువ సముద్రంగా మారినప్పుడు, ఆ గ్రానైటునే అరగదీసి నీళ్లు మోసుకొచ్చిన ఇసుక దాని అంచుల్లో పొరలు పొరలుగా పేరుకుంది. ఆ ఇసుక రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, సుత్తి దెబ్బకు నిప్పురవ్వలు రాల్చేంత గట్టిపడి క్వార్ట్‌జైటు అనే రాయి అయింది. భూగర్భ శాస్త్రజ్ఞులు దీనికి శ్రీశైలం క్వార్ట్‌జైటు అని పేరే పెట్టారు.

ఆధారం కావాలన్నవారు బాట పక్కన పడి ఉన్న పలకరాళ్లను పరికించి చూడవచ్చు. కొన్నింటి మీద వేలి మందాన సమాంతరంగా సాగే గట్లు, వాటి మధ్య చిన్న గాడులు కనబడతాయి. అవి అలలు ఇసుక మీద వేసిన ముడతలు, ఇసుకతో పాటే రాయిగా నిలిచిపోయాయి. లొద్ది గోడలు మెట్లు మెట్లుగా ఉండటానికీ ఈ పొరలే కారణం: రాయి అడ్డంగా పొరల వెంట, నిలువుగా పగుళ్ల వెంట పెళ్లలుగా ఊడిపోతుంది తప్ప గ్రానైటులా గుండ్రంగా అరగదు. వానకాలంలో ఆ పగుళ్లలోకి ఇంకిన నీరు నెమ్మదిగా ఊటలై బయటికి వస్తుంది కాబట్టే ఎండాకాలంలో కూడా గుండం పూర్తిగా ఎండదు.

గ్రానైటు మీద ఈ ఇసుకరాయి కూర్చున్న అతుకుకు వేరే ప్రాధాన్యం కూడా ఉంది. రెండింటి మధ్య కోట్ల ఏళ్ల చరిత్రకు రాతి ఆనవాలే లేని ఆ ఎడంలోనే యురేనియం పోగుపడే అవకాశం ఎక్కువ. అమ్రాబాద్ అడవిలో దాని అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచు పెంటల నుంచి హైదరాబాదు దాకా నిరసన చెలరేగింది. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. అది సరైన తీర్మానమే, ఎందుకంటే చెంచుల మీద బయటి ఒత్తిడి కొత్తది కాదు. 1940లో ఈ అడవిలో చెంచుల మధ్య గడిపి, 1943లో వారిపై గ్రంథం ప్రచురించిన మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ నాటికే వారి బతుకు అటవీ నియమాలకూ మైదానపు వ్యాపారులకూ మధ్య నలుగుతోంది.

నడక విషయానికి వస్తే, దిగడం తేలికనే నమ్మకం సలేశ్వరంలో చాలామందిని ఇబ్బంది పెడుతుంది. ఎక్కేటప్పుడు తొడ కండరం ముడుచుకుంటూ పనిచేస్తే, దిగేటప్పుడు అదే కండరం సాగుతూ శరీర భారాన్ని ఆపవలసి వస్తుంది. ఆయాసం తక్కువే అయినా కండరపు పోగులు ఎక్కువగా దెబ్బతింటాయి కాబట్టి, ఆనాడు ఏమీ తెలియని నొప్పి మర్నాడు, ఆ మర్నాడు తీవ్రమవుతుంది. పైగా కొండ గుడులన్నింటా తిరుగు ప్రయాణం దిగుడు అయితే ఇక్కడ అది ఎక్కుడు, అదీ చైత్రమాసపు మిట్టమధ్యాహ్నం, వచ్చేవారూ పోయేవారూ ఒకే సన్నబాట మీద ఎదురుపడుతుండగా. 2023 జాతరలో భక్తుల మరణాలు సంభవించాయి. తెల్లవారుజామునే దిగి ఎండ ముదరకముందే పైకి రావడం, నీళ్లు మోసుకుపోవడం, చెప్పులకు బదులు పట్టున్న బూట్లు వేసుకోవడం, గుండె జబ్బు ఉన్నవారు ఆగిపోవడం ఇందుకే అవసరం.

జాతర కాని రోజుల్లో దిగాలనుకునేవారికి వటవర్లపల్లి దగ్గరి మల్లెల తీర్థం ఉంది. అక్కడ మెట్లు కట్టారు, గుడికన్నా జలపాతమే ప్రధానం. ఏ దారిన వెళ్లినా శ్రీశైలం రహదారిపై మన్ననూరు గేటును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు కనుక, మక్తల్ వైపు తిరిగి రావలసినవారు సాయంత్రానికే అడవి దాటేలా బయలుదేరాలి.